చప్పిడాయన

మా సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఈమధ్య చప్పిడాయనలు ఎక్కువయ్యారు. ఇందుకూరుపేట నుంచి విడవలూరు మీదుగా అల్లూరు దాకా ఏ ఊళ్ళోనైనా సాయంత్రం పూట టీ అంగడి బల్ల మీద కాసేపు కూర్చోండి, ఒకాయన తప్పకుండా తగులుతాడు. ఆనవాలు పట్టడానికి కష్టపడక్కర్లేదు, అడక్కుండానే ఆయనే చెప్పేస్తాడు. "ఉప్పు మానేసినా అబ్బయా! పూర్తిగా." ఆ మాట అనేటప్పటికి ఆయన చేతిలో మిరపకాయ బజ్జీ సగానికి వచ్చి ఉంటుంది.

వయసు యాభై దాటి ఉంటుంది. టైగర్ రొయ్య రోజుల్లో ఒక్క గుంటతో మొదలుపెట్టి, వైట్ స్పాట్ తెగులొచ్చి మునిగి, 2009లో వెనామీకి అనుమతులొచ్చాక తేరుకుని, ఇప్పుడు ఆరేడు గుంటలకి ఎదిగిన మనిషి. గుంటలతోపాటు పొట్టా ఎదిగింది. ఇందులో ఆయన తప్పు కొంతే. రొయ్యల వ్యాపారంలో కౌంట్ అని ఒక లెక్కుంది, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయని. వంద తూగితే చిన్నవి. ముప్పై తూగితే పెద్దవి, రేటూ పెద్దదే. బరువెక్కిన ప్రాణిని చూసి సంతోషపడడమే వృత్తిగా పాతికేళ్ళు బతికిన మనిషితో 'మీరు బరువు తగ్గాలి' అంటే ఆ మాట తలకెట్టా ఎక్కుతుంది?

ఎక్కలేదు. నెల్లూరులో డాక్టరు బీపీ చూసి, కాటా మీద నిలబెట్టి, 94 కిలోలని రాసుకుని, మూడు మాటలు చెప్పాడు. అన్నం తగ్గించండి, రోజూ నడవండి, ఉప్పు తగ్గించండి. అన్నం తగ్గించాల్సింది తను. నడవాల్సిందీ తనే. మూడోది మాత్రం ఇంటావిడ చేతిలో ఉంది. కారు మైపాడు రోడ్డు ఎక్కేలోపల చప్పిడాయన నిర్ణయానికొచ్చేశాడు. డాక్టరు మాట అక్షరాలా పాటించాల్సిందే. మూడోది.

డాక్టరు మాటలో తప్పు లేదు. పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే ఒక్క టీ చెంచాడు, అదీ తలకొట్టి. అందులో ఉండే సోడియం 2 గ్రాములు. మన దేశంలో సగటున 8 గ్రాముల దాకా తింటున్నామని ఐసీఎంఆర్ వాళ్ళు లెక్క తేల్చారు, ఆడవాళ్ళకంటే మగవాళ్ళు ఎక్కువ తింటున్నారనీ చెప్పారు. పడమటి దేశాల్లో ఆ ఉప్పు చాలావరకు ప్యాకెట్లలోంచి వస్తే మనకి వంటింటి డబ్బాలోంచి వస్తుంది. కాబట్టి ఇంటావిడ మీద ఆయన మోపిన నేరం పూర్తిగా అన్యాయం కాదు, ముప్పాతిక అన్యాయం.

ఆమె మంచి సలహానే ఇచ్చింది. "ఒక్కసారిగా మానితే ముద్ద దిగదు. రోజుకొక చిటికె తగ్గించుకుంటా వస్తా. నెలా రెణ్ణెల్లకి నాలిక్కి అలవాటైపోద్ది, ఎవురికీ తెలియను కూడా తెలీదు." వైద్యులు చెప్పే పద్ధతీ ఇదే. చప్పిడాయనకి అందులో ఒకే ఒక్క లోపం కనబడింది.

"ఎవురికీ తెలీకపోతే ఇంక దీక్షేందే?"

దీక్ష అన్నాక చరిత్ర అండ కావాలి. "పొట్టి శ్రీరాములు పేరు పెట్టుకున్న జిల్లా మనది. పడితే పట్టే" అని మొదలుపెట్టాడు. అంతటితో ఆగక గాంధీని దించాడు. "పల్లిపాడుకొచ్చి ఆశ్రమం పెట్టించిన గాంధీ గారే ఉప్పు మానేసినాడు, తెలుసునా?" ఇది అబద్ధం కాదు. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని తెరిచింది గాంధీయే. 1930లో ఉప్పు కోసం దండి దాకా నడిచిన ఆ మనిషి, అంతకు చాలా ముందే దక్షిణాఫ్రికాలో ఉండగా ఉప్పు మానేశాడు. కస్తూర్బాకి జబ్బు చేస్తే ఉప్పూ పప్పూ మానమని ఆయన బతిమాలాడు. చెబితే మీరైనా మానగలరా అని ఆమె అడిగింది. అక్కడికక్కడే ఏడాది పాటు మానేస్తున్నానన్నాడు. మా చప్పిడాయన ఈ కథను ఒక్క చోట సవరించుకున్నాడు. అక్కడ భార్య మానడం కోసం భర్త ముందు మానాడు. ఇక్కడ భర్త మానడం కోసం ఇల్లంతా ముందు మానింది.

ఇల్లంతా అంటే కొడుకూ కోడలూ మనవడూ ముసలితల్లీ, గుంటల కాడ కాపలా మనిషికి వెళ్ళే క్యారియరుతో సహా. కాపలా మనిషి రెండో రోజే క్యారియరు మూత కూడా సరిగ్గా పెట్టకుండా తిప్పి పంపాడు. ముసలామె మాత్రం ఏమీ అనకుండా తిన్నది. తిని, చెయ్యి కడుక్కుంటా, "నలభై ఏళ్ళు ఆదివారాలు సూరీడికి ఉప్పు లేకుండా ఒక్కపొద్దు ఉన్నదాన్ని. ఎవురికన్నా చెప్పినానంట్రా?" అనేసి పోయి పడుకుంది.

ఇక ఒక సాధనం సంగతి. రొయ్యల రైతు దగ్గర రిఫ్రాక్టోమీటరని చిన్న గొట్టం ఒకటుంటుంది. దాని అద్దం మీద గుంట నీళ్ళు ఒక చుక్క వేసి, వెలుతురు వైపు పెట్టి, ఒంటికన్నుతో చూస్తే సెలినిటీ ఎంతో అంకె కనిపిస్తుంది. సముద్రం నీళ్ళు 35 దరిదాపుల్లో ఉంటాయి, గుంటలు అంతకు తక్కువ. మూడో గుంటలో నిన్న ఎంత, వాన పడ్డాక ఇవాళ ఎంత అని నిద్రలో లేపి అడిగినా చప్పిడాయన చెప్పగలడు. తన ఒంట్లో ఎంతుందో మాత్రం ఇంతకాలం పట్టించుకోలేదు. దీక్ష పట్టిన నాలుగో రోజు మధ్యాహ్నం, విస్తరి ముందు కూర్చుని, జేబులోంచి గొట్టం తీసి, అద్దం మీద చారు చుక్క వేశాడు. కిటికీ వైపు తిరిగి చూశాడు. చింతపండు పులుసైనా చక్కెర పాకమైనా, నీళ్ళలో కరిగింది ఏదైనా సరే ఆ అద్దంలో అంకెను పైకి తోసేస్తుంది, అది ఉప్పునొక్కదాన్నే పట్టిచ్చే సాధనం కాదు. ఆ సంగతి కొడుకు చెప్పేలోపలే ఆయన కేకేశాడు. "చూడు! మూడో గుంటకన్నా ఎక్కువుండాది!"

ఆమె గరిటె కింద పెట్టలేదు. "అయితే దాంట్లో సీడ్ వదలండి."

మొదటి వారం అయ్యేసరికి కాటా రెండు కిలోలు తగ్గించి చూపించింది. ఆ వారం ఊళ్ళో ఆయన నడక వేరు. పంచె పైకి కట్టి, తాటాకు పందిళ్ళ కిందా, ఐసు ఫ్యాక్టరీ ముందరా, ఎవరు కనబడితే వాళ్ళకి నడుం చూపించాడు. ఒంట్లో ఉప్పు నీళ్ళను పట్టి ఉంచుతుంది. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసా 0.9 శాతం ఉప్పునీళ్ళు, అంటే లీటరుకి 9 గ్రాములు. ఒంట్లో దాచుకున్న ఉప్పు వదిలితే ఆ లెక్కన నీళ్ళూ వదులుతాయి. బీపీకి అది మంచిదే, కాళ్ళ వాపులకీ మంచిదే. కొవ్వు మాత్రం పెట్టిన చోటనే ఉంటుంది. కొడుకు ఈ సంగతి తండ్రికి తండ్రి భాషలోనే చెప్పాడు. "గుంటలో నీళ్ళు దించితే గుంట చిన్నదైనట్టే కనబడుద్ది నాయనా. లోపల రొయ్య బరువేమీ తగ్గదు." ఆ రాత్రి ఇద్దరికీ మాటల్లేవు. తర్వాతి వారం బంధువుల పెళ్ళికి పోయి రెండు బంతుల్లో కూర్చుని వచ్చాడు. రెండు కిలోలూ ఆయనకంటే ముందే ఇంటికి చేరాయి.

చప్పిడి తిండిలో నిజంగా ఒక మేలుంది, దాన్ని డాక్టర్లు కూడా గట్టిగా చెప్పరెందుకో. ఉప్పులేని కూరతో మారన్నం పెట్టించుకోబుద్ధి కాదు. సోడియంలో కేలరీ ఒక్కటీ లేదు. దాన్ని చూసుకుని గొంతులోకి జారిపోయే మొలకొలుకుల అన్నంలోనే ఉన్నదంతా. కాబట్టి నోరు కట్టుకుని ఆ చప్పిడి కూరే తిని లేచిపోయి ఉంటే చప్పిడాయన ఈపాటికి సన్నబడేవాడే. కానీ విస్తరి పక్కన ఆవకాయ జాడీ ఉంది.

దానికి ఆయన దగ్గర చట్టం ఉంది. ఉప్పు అంటే ఆయన ఇంటి పొయ్యి మీద, ఆయన దీక్ష పట్టిన ఆగస్టు తర్వాత, కొత్తగా వేసిన ఉప్పు. ఆవకాయ మేలో పెట్టారు. అందులోది పాత ఉప్పు, దానికి ఈ చట్టం వర్తించదు. ఊరమిరపకాయలూ అప్పడాలూ నంజుకునేవి, తినేవి కాదు. ఎండు నెత్తళ్ళకి ఉప్పు పట్టించింది ఒడ్డున చేపలెండేసే ఆమె, ఈయన వెయ్యమన్లేదు. పొద్దున నెల్లూరు పోయినప్పుడు తినే ఎర్రకారం దోశ డబ్బులిచ్చి తినేది, దాని పాపం హోటలుది. బిస్కెట్లు తీపి. బజ్జీల పిండిలో పడే వంట సోడాలో నాలుగో వంతుకి పైగా సోడియమే అని కోడలు చెబితే, "అది ఉప్పగా ఉండదు కదమ్మా" అన్నాడు. నిమ్మకాయ సోడాలో గిలకొట్టిన ఉప్పు దప్పికకి.

చేపల పులుసు దగ్గర మాత్రం చట్టం కొంచెం కష్టపడింది. ఉప్పులేకుండా మామిడికాయ వేసి బొమ్మిడాయిల పులుసు కాచమని ఆయన పట్టుబట్టాడు. కాచింది. ఉప్పు పడని చేప నీచు వాసన ఇల్లు దాటి వీధరుగు దాకా వచ్చింది. మనవడు ముక్కు పట్టుకుని పక్కింటికి పోయాడు. ఆయన రెండు ముద్దలు తిని, బాగుందన్నట్టు తలూపి, నీళ్ళు తాగి లేచాడు. మర్నాటి నుంచి ఆమె రెండు చట్లు పెట్టింది. రాత్రి పదకొండుకి వంటింట్లో మూత చప్పుడైతే పిల్లి అనుకుని లేచి చూస్తే, ఆయన ఉప్పున్న చట్టి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నెల్లూరు పులుసు రుచి మర్నాటికే తెలుస్తుందని అందరికీ తెలిసిందే. "ఇది నిన్నటిది" అన్నాడు.

ఆ తర్వాత గులాబీ ఉప్పు వచ్చింది. ఆయన ఊరికి ఇస్కపల్లి ఉప్పు కయ్యలు ఎంతో దూరం కాదు. ఎండాకాలంలో కయ్యల గట్ల మీద తెల్లటి కుప్పలు, వాటి మీద తాటాకులు. చెప్పుల్లేకుండా ఆ ఉప్పునీళ్ళలో నిలబడి పలకతో లాగే ఆడవాళ్ళని చూస్తానే పెరిగాడు. ఇప్పుడు నెల్లూరు సూపర్ బజారుకి పోయి, హిమాలయాల బొమ్మున్న ప్యాకెట్టు కొంటాడు. "ఇది కొండల్లో పుట్టిందంట. సముద్రంతో సంబంధం లేదంట." ఆ గులాబీ ఉప్పు ఎక్కువగా వచ్చేది పాకిస్తాన్ పంజాబులోని ఖేవ్రా గనుల నుంచి. అది కూడా 50 కోట్ల ఏళ్ళకు ముందే ఎండిపోయిన సముద్రమే. సోడియం ఇంచుమించు మామూలు ఉప్పులో ఉన్నంతే.

ఎవరో సోడియం తక్కువుండే ఉప్పు గురించి చెప్పారు. కొంత సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో ఇంటి వాడకానికి దాన్ని సూచించింది, అయితే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకీ గర్భిణులకీ పిల్లలకీ ఆ సూచన వర్తించదంది. పొటాషియం అనగానే చప్పిడాయన కళ్ళు మెరిశాయి. "దానికి డబ్బులు దండగ దేనికి? మన షెడ్డులో పొటాష్ బస్తాలే ఉండాయి గదా, గుంటల్లోకి తెచ్చినవి!" కొడుకు ఆ పూట పని మానుకుని పోయి షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి అవ్వ దిండు కింద పెట్టాడు. అవ్వకి కిడ్నీ జబ్బు ఉంది కాబట్టి ఆ ఉప్పు సంగతే ఇంట్లో ఎత్తొద్దని కోడలు ఖండితంగా చెప్పేసింది. ఇంట్లో డాక్టరు మాట నూటికి నూరుపాళ్ళు వినేది ఆ అమ్మాయి ఒక్కతే. ఆమెను ఎవరూ చప్పిడామె అనరు.

దీపావళి ముందు మనవడు కాటా ఎక్కడ్నుంచో లాక్కొచ్చి నట్టింట్లో పెట్టాడు. చప్పిడాయన ఎక్కాడు. 93 కిలోల 800. పంచె బరువన్నాడు, సెల్‌ఫోను జేబులో ఉందన్నాడు, నేల ఎత్తుపల్లాలున్నాయన్నాడు. మనవడు ఊరుకోక అవ్వనీ ఎక్కించాడు, నానమ్మనీ ఎక్కించాడు. నానమ్మ అయిదు కిలోలు తగ్గింది. అందరూ ఆమె వంక తిరిగారు.

"దాందేముంది. చప్పిడి కూరలు పొద్దన నుంచీ వండతా వాసన చూస్తా ఉంటే, మాపటికి నాకు తినబుద్ధి కాలా. ఆవకాయ జాడీ చూస్తే ఆయన పక్కనుంటది." కొంగు దోపుకుని వంటింట్లోకి పోతా పోతా అన్నది, "నాకేమన్నా టీ అంగడుందా?"

మర్నాడు డాక్టరు దగ్గర చూపించుకోవాల్సిన రోజు. చప్పిడాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు వరసలో కూర్చుని, పిలవగానే లోపలికి పోయి చెప్పాడు. "ఉప్పు పూర్తిగా మానేసినాం సార్. మా ఇంట్లో అయిదు కిలోలు తగ్గినాం."

డాక్టరు చాలా సంతోషించి, కాటా వైపు చెయ్యి చూపించాడు.

"ఈసారి ఆమెని తీసకరాలేదు సార్" అన్నాడు చప్పిడాయన.