అసలు కదలదు, డిపాజిటర్లూ కదలరు

ఇంత బుద్ధిమంతులైన డిపాజిటర్లు ఏ బ్యాంకుకీ దొరకరు. ఒక్కసారి కట్టి పడుకుంటారు. పాస్‌బుక్కు పట్టుకుని క్యూలో నిలబడరు, వడ్డీ ఏమైందని మేనేజర్ని నిలదీయరు. చచ్చినవాడి కళ్లు చారెడన్నారు గానీ, ఆ చారెడు కళ్లూ లెడ్జర్ మీద పడవు కదా!

అందుకే కాలిఫోర్నియా సర్కారు వాళ్ల తరఫున చట్టం రాసింది. 'శాశ్వత నిర్వహణ' అని చెప్పి అమ్మే శ్మశానం, అస్థికలుంచే గూటికి కనీసం 70 డాలర్లు, శవపేటిక పెట్టే అరకు 220 డాలర్లు నిధిలో వేయాలి. జంట అరలైతే రెండోదానికి 110 చాలు. ఏడడుగులు నడిచినందుకు సర్కారువారి సగం ధర రాయితీ! అసలు ముట్టుకోకుండా రాబడితోనే చిమ్మాలి, కారే కప్పు బాగుచేయాలి, ఏటా లెక్క చెప్పాలి. నిధే లేనివాళ్లు ఆ సంగతి ఆఫీసులోనూ, గేటు దగ్గరా బోర్డు రాసి పెట్టాలి. మన కిరాణా కొట్టులో 'అరువు రేపు' బోర్డులాగన్నమాట. కాకపోతే ఇక్కడ చదవాల్సినవాడు కళ్లనీళ్లతో లోపలికొస్తాడు.

చట్టం సరే, ఆచరణ చూడండి. హాలీవుడ్‌లో తారలు నిద్రించే శ్మశానం ఒకటుంది, 1899 నాటిది. 1939లో అది జూల్స్ రోత్ అనే పెద్దమనిషి చేతిలో పడింది. అంతకుముందే షేర్ల మోసంలో జైలు చూసొచ్చిన అనుభవశాలి. 1994 భూకంపానికి గోడలు బీటలిస్తే పూడ్చడానికి డబ్బుల్లేవు. నిర్వహణ నిధి తవ్వి చూస్తే గుంత తప్ప ఏమీ లేదు. శ్మశానంలో గుంతలు మామూలేననుకున్నారేమో, అది బయటపడటానికి అన్నేళ్లు పట్టింది. 1998లో రోత్ పోయాడు. అదే ఏడు 62 ఎకరాలూ 3,75,000 డాలర్లకు అమ్ముడయ్యాయి. ఎకరా ఆరువేల చిల్లర! 2023 వేలంలో ఎకరా వంద కోట్లు దాటించిన కోకాపేట రియల్టర్లు వింటే గుండాగి, అక్కడే ఓ అర కొనుక్కుంటారు.

కొత్త యజమాని వచ్చాక, 2002 నుంచి అక్కడి సమాధి మందిరం గోడే వెండితెరయింది. వేసవి రాత్రుల్లో జనం టికెట్టు కొని, దుప్పట్లు పరుచుకుని సినిమాలు చూస్తారు. ఆ మందిరంలోనే మూకీ సినిమాల తార రుడాల్ఫ్ వాలెంటినో ఉన్నాడు. 1926లో అంత పెద్ద హీరో పోతే సొంత అర లేదు. స్నేహితురాలు జూన్ మేథిస్ తన అర కొన్నాళ్లకని ఇచ్చింది. ఏడాదికే ఆవిడా పోయింది. దాంతో పక్కనున్న ఆవిడ భర్తగారి అరలోకి మారాడు. అరువు బోర్డు అక్కడెవరూ పెట్టలేదు కాబోలు, ఇంకా ఖాళీ చేయలేదు.