కరెంటు మీది, నెట్టు మీది, ఛాంపియన్‌షిప్ మాది

మన దేశంలో క్రీడలకు మొదటి నుంచీ పట్టిన జబ్బు ఒకటే. ఆడటానికి స్థలం కావాలి. ఆ స్థలం సర్కారు ఇవ్వాలి, ఇచ్చాక ఎగ్జిబిషన్లూ బహిరంగ సభలూ పోను మిగిలిన రోజుల్లో పిల్లలు ఆడుకోవాలి. సెలక్షన్లు పెడితే రైలు టికెట్లు, డార్మిటరీలు, సాంబారులో బల్లి, మర్నాడు పేపర్లో ఆ బల్లి ఫొటో. ఇన్ని తలనొప్పుల్ని ఒక్క లింకుతో వదిలించిన మహానుభావులకు ఇంకా పద్మశ్రీ రాలేదంటే ఢిల్లీలో ఎవరో అడ్డుపడుతున్నట్టే. ఆ లింకు పేరు ఆన్‌లైన్ క్వాలిఫయర్. వీడియో గేముల్లో జాతీయ ఛాంపియన్ ఎవరో తేల్చడానికి ఇప్పుడు ఎవరూ గడప దాటక్కర్లేదు. నిర్వాహకులైతే మంచం కూడా దిగక్కర్లేదు.

పెట్టుబడి లెక్క చూస్తే ముచ్చటేస్తుంది. నిర్వాహకుల వాటా ఒక గూగుల్ ఫారం, ఒక డిస్కార్డ్ గ్రూపు, ఒక పోస్టరు. పోస్టరు మీద ఇనుప కవచం తొడుక్కున్న వీరుడు, వెనకాల మంటలు, కింద వరసగా స్పాన్సర్ల లోగోలు, అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ‘దేశం కోసం ఆడండి’. మిగతాదంతా కుర్రాడి తండ్రి వాటా. కంప్యూటరు ఆయన పీఎఫ్‌లోంచి, గ్రాఫిక్స్ కార్డు ఈఎంఐలో, నెట్ బిల్లు నెలనెలా, ఇన్వర్టర్ బ్యాటరీ మొన్న దసరా బోనస్‌తో. ఆటగాడిని దేశానికి ఎంపిక చేసేది సమాఖ్య, స్టేడియం కట్టేది నాన్న. పబ్లిక్-ప్రైవేట్ భాగస్వామ్యం అంటే ఇంతకన్నా స్వచ్ఛమైనది నీతి ఆయోగ్ కూడా చూసి ఉండదు.

ఇక ప్రతిభకు కొలమానం. కబడ్డీలో ఊపిరి, చదరంగంలో బుర్ర, ఇక్కడ పింగ్. అంటే మీరు మీట నొక్కిన కబురు సర్వరు దాకా వెళ్లి తిరిగిరావడానికి పట్టే సమయం. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆసియా క్రీడల్లో పతకం ఇచ్చే ఆట. దాని సర్వరు మన దేశంలో లేదు, మన పిల్లలు సింగపూర్ వైపు చూసి ఆడాలి. ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ కాకి ఎగిరే దారిన దాదాపు 3,300 కిలోమీటర్లు. రానూపోనూ 33 మిల్లీసెకన్లు ఐన్‌స్టీన్‌కే కట్టాలి, తగ్గింపు లేదు. కేబుళ్లేమో కాకిలా ఎగరవు, సముద్రం అడుగున చుట్టూ తిరిగి పోతాయి. వాటి మీద వీధి చివర జంక్షన్ బాక్సులో ఎలుక కొరికిన వైరు బాకీ వేరు. ముంబయిలో సర్వరున్న ఆటలకైతే బాంద్రా కుర్రాడిది హోమ్ గ్రౌండు, బొబ్బిలి కుర్రాడిది విదేశీ పర్యటన. ఇద్దరికీ ఒకే నియమావళి, అదే సమానత్వం.

కరెంటు పోతే? నియమావళిలో దానికీ ఒక వాక్యం ఉంటుంది: సాంకేతిక సమస్యలకు ఆటగాడిదే బాధ్యత. డిస్కం వాళ్లు కూడా ఇంత ధైర్యంగా చేతులు దులుపుకోలేరు. బీజీఎంఐ లాంటి తుపాకుల ఆటలో పదహారు జట్లు, అరవై నలుగురు ఒకేసారి దిగుతారు. మధ్యలో ఆపడం ఉండదు. ‘ఒరేయ్, ఒక్క నిమిషం ఆపి పాల ప్యాకెట్ తెచ్చిపెట్టరా’ అని అమ్మ కేకేస్తే, ‘ఆపడానికి అవదమ్మా’ అనే మాట ఈ దేశంలో ఏ తల్లీ ఇంతవరకు నమ్మలేదు. ఒకవేళ నమ్మినా, ఆవిడ మిక్సీ వేసిన క్షణాన వోల్టేజీ పడిపోయి రౌటరు మళ్లీ మొదటి నుంచి కళ్లు తెరిచేలోపు జాతీయ స్థాయి ఆశలు ఆటలో కమ్ముకొచ్చే నీలి గోడలో కలిసిపోతాయి.

2025 ఆగస్టు మూడో వారం గుర్తుందా? హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. అన్నేళ్లూ స్తంభాల మీద వేలాడుతున్న కేబుళ్ల వైపు చూడని యంత్రాంగానికి అప్పుడు ఒక్కసారిగా చూపొచ్చింది. కత్తెరలు పట్టుకుని ఎక్కి, ఏది ఏ తీగో చూడకుండా కోసుకుంటూ పోయారు. నగరంలో చాలా చోట్ల నెట్ ఆగిపోయింది, కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. సరిగ్గా ఆ వారమే ఢిల్లీలో ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహ, నియంత్రణ బిల్లు వచ్చింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. డబ్బు పెట్టి ఆడే ఆటలు బంద్, ఈ-స్పోర్ట్స్‌కు మాత్రం పీట. ఆ వేగం చూస్తే పింగ్ అంటే ఏమిటో దేశంలో అందరికన్నా పార్లమెంటుకే బాగా తెలుసు. ఢిల్లీలో క్రీడ అని చట్టం చేస్తుంటే, హైదరాబాద్‌లో దాని మైదానం స్తంభం మీంచి ముక్కలై కింద పడుతోంది.

ఈ సర్కారు ప్రేమకథ కూడా వినదగ్గదే. 2020 సెప్టెంబరులో పబ్జీ దేశభద్రతకు ముప్పు, మరో 117 యాప్‌లతో పాటు నిషేధం. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని కొత్త కోడలిలా వచ్చింది. 2022 జులైలో మళ్లీ ముప్పు, మళ్లీ మాయం. ఆ డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడా శాఖ కిందికి తెచ్చి గౌరవించింది. అంటే ఆట గౌరవనీయమైన రోజున దేశంలో చాలా మంది ఆడే ఆట ప్లేస్టోరులో లేదు. 2023 మేలో మూడు నెలల ప్రొబేషన్ మీద తిరిగి ఉద్యోగంలో చేర్చుకున్నారు. మూడేళ్లు సాధన చేస్తే బ్యాట్స్‌మన్ బ్యాటింగు మెరుగవుతుంది. ఈ కుర్రాళ్లకు మెరుగైంది గెజిట్ చదవడం.

మోసం మాటకొద్దాం. 2018లో షాంఘైలో ఒక ఆసియా స్థాయి కౌంటర్-స్ట్రైక్ టోర్నీ జరిగింది. మన దేశపు జట్టు ఆటగాడి కంప్యూటరులో గురి దానంతటదే కుదిరే సాఫ్ట్‌వేర్ దొరికింది. ఆ ఫైలు పేరు వర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ. తుపాకీ యుద్ధం నడుమ మనవాడు సెలవు చీటీ టైపు చేసుకుంటున్నాడని అనుకోవాలన్నమాట! జట్టును టోర్నీ నుంచి పంపేశారు, అతడికి ఐదేళ్ల నిషేధం పడింది. ప్రపంచం నవ్వింది, మనవాళ్లు తలదించుకున్నారు. కానీ దొరికింది ఎందుకు? అక్కడ ఒక హాలుంది, ఆ హాల్లో కుర్చీ వెనక నిలబడి తెర చూసే మనిషున్నాడు. మరి పడకగదిలో, తలుపు గడియ వేసుకుని, దుప్పటి కప్పుకుని ఆడే క్వాలిఫయర్‌లో కుర్చీ వెనక నిలబడేది ఎవరు? మన జవాబు: ఆటగాడే తన తెర రికార్డు చేసి పంపాలి. ఫలితం స్క్రీన్‌షాట్ కూడా అతనే పెట్టాలి. ఇన్విజిలేటర్ లేకుండా, ఇంటి దగ్గర ఈఏపీసెట్ రాసి, మార్కులు మీరే వేసుకుని వాట్సాప్ చేయండి అంటే కోచింగ్ సెంటర్లే రోడ్డెక్కుతాయి. ఇక్కడ మాత్రం దానికి ‘డిజిటల్ ఇండియా’ అని పేరు.

ఇంతా చేస్తే మనవాళ్లు గెలవలేదా అంటే, గెలిచారు. అదే ఆశ్చర్యం. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్‌లో కాంస్యం తెచ్చాడు. అది ప్రదర్శన విభాగం, పతకాల పట్టికలోకి ఎక్కలేదు. 2022లో బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీల్లో డోటా జట్టు కాంస్యం తెచ్చింది. అది కామన్వెల్త్ క్రీడల పక్క వీధిలో పోటీ, ఆ పట్టికా వేరే. పట్టికలో ఎక్కే పతకాలున్న హాంగ్‌ఝౌకు 2023లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ జట్టు వెళ్లింది, నేరుగా క్వార్టర్‌ఫైనల్లో దిగింది, వియత్నాం చేతిలో 0-2తో ఇంటికొచ్చింది. వియత్నాంకు ఆ ఆటలో సొంత లీగు ఉంది, జనంతో నిండే హాళ్లున్నాయి. మనకు దేశభక్తి పోస్టరుంది.

కాబట్టి పెద్దలకు ఒక సలహా, కన్సల్టెన్సీ ఫీజు లేదు. తొలి వడపోత ఆన్‌లైన్‌లోనే పెట్టుకోండి, వేలమందిని ఎవరూ ఒక గదిలో కూర్చోబెట్టలేరు. కానీ రాష్ట్రానికి చివరి అరవై నలుగురు తేలాక వాళ్లనైనా ఒక చోటికి పిలవండి. ఒకే రకం మెషీన్లు, ఒకే స్విచ్చు, కుర్చీల వెనక నలుగురు మనుషులు. స్టేడియం కట్టక్కర్లేదు. ఆషాఢంలో మా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫంక్షన్ హాళ్లన్నీ ఖాళీ, అద్దె సగానికి బేరం కుదురుతుంది. ఏసీ ఉంటుంది, కుర్చీలుంటాయి, జనరేటరు వాళ్లదే. డీజిల్ మాత్రం మీరే పోయించుకోవాలి.