చిన్న చేతుల మీద నా బతుకు

రక్తం తీసే ముందు మోచేతి పైన బిగించే రబ్బరు పట్టీని నేను. పుస్తకాల్లో టూర్నికే అని రాస్తారు. లాబ్‌లో మాత్రం ఎవరూ ఆ పేరుతో పిలవరు, "ఆ రబ్బరు ఎక్కడ పడేశారు?" అనే వెతుకుతారు. రబ్బరు చెట్టు పాలు, కాస్త గంధకం, వేడి: ఇంతే నా పుట్టుక. నా ముత్తాత 1718లో పారిస్‌లో జాన్ లూయీ పెటీ అనే శస్త్రవైద్యుడు చేసిన మర పట్టీ. కాళ్ళూ చేతులూ తీసేసేటప్పుడు ధారగా పోయే నెత్తురును ఆపి ప్రాణాలు నిలబెట్టినవాడు. నా పని అంత గొప్పది కాదు. నరం పైకి తేలేదాకా, నిమిషానికి మించకుండా పట్టుకుని వదిలేయాలి. కానీ సూది కంటే ముందు పిల్లల ఒంటికి తగిలేది నేనే. నాడి ఎంత జోరుగా కొట్టుకుంటోందో, వాళ్ళు ఎంత భయపడుతున్నారో అమ్మానాన్నలకంటే ముందు నాకే తెలుస్తుంది.

మొదట నన్ను తెచ్చింది తిరువళ్ళూరులో ఒక లాబ్‌కి. అది వైద్య వీరరాఘవస్వామి ఊరు. అమావాస్య వస్తే ఎక్కడెక్కడి జనమో వచ్చి హృత్తాపనాశిని కోనేట్లో బెల్లం వేస్తారు. బెల్లం కరిగినట్టు రోగం కరిగిపోవాలని మొక్కు. మొక్కు తీర్చుకుని, తడి బట్టలు మార్చుకుని, నేరుగా మా లాబ్‌కి వచ్చి కూర్చునేవాళ్ళు. దేవుడే వైద్యుడైన ఊళ్ళో పిల్లలకు జరిగింది చూసి నేను కుమిలిపోయాను.

ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఒకడు గుర్తున్నాడు. వాళ్ళమ్మను బయట నిలబెట్టారు. వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి నాన్న కాళ్ళ మీద, రసీదులు రాసే అబ్బాయి భుజాల మీద బరువు వేశారు. "ఏమీ ఉండదురా, చీమ కుట్టినట్టే" అన్నారు. చొక్కా చేతిని పైకి లాగేసి, వట్టి చర్మం మీదే నన్ను బిగించారు. చర్మం నాలో ఇరుక్కుని నలిగింది. అప్పుడే రక్తం తీసేవాడికి ఫోను వచ్చింది. మాట్లాడుతూనే ఉన్నాడు. నా కింద చెయ్యి కమిలి నల్లబడుతోంది. అంతసేపు కట్టి ఉంచితే నరంలో నెత్తురు చిక్కబడి ఫలితాలే తేడాగా వస్తాయి. పిడికిలి పదేపదే మూసి తెరవమంటే పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇవన్నీ ఆ పని నేర్చిన ప్రతివాళ్ళకూ తెలుసు. రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. "ఏమీ ఉండదన్నావు కదా నాన్నా" అని వాడు అరిచిన అరుపు సూది నొప్పిది కాదు.

ఇళ్ళలోనూ తప్పుంది. అన్నం తినకపోతే "డాక్టరుతో సూది వేయిస్తా", అల్లరి చేస్తే "సూది వేయిస్తా". అలా పెంచిన భయాన్ని తీసుకొచ్చి మా గుమ్మంలో దించి, ఏడవకూడదంటారు.

నా అదృష్టం ఏమిటంటే, అక్కడ పనిచేసే ఒక అక్క ఆ ఉద్యోగం మానేసి తిరుత్తణిలో చిన్న లాబ్‌కి వెళుతూ తన డబ్బాతో పాటు నన్నూ తీసుకుపోయింది. పళ్ళిపట్టు వైపు మగ్గం నేసేవాళ్ళ బిడ్డ. ఇంట్లో తెలుగు, చదువు తమిళం. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా చిత్తూరు జిల్లాలోదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టిన ఊరు. ఇప్పటికీ ఎన్నో ఇళ్ళల్లో తెలుగే. బడిలో ఎంత తమిళం మాట్లాడినా పిల్లలు భయమేస్తే ఇంటి మాటలోనే ఏడుస్తారు. ఏ మాటలో ఏడిస్తే ఆ మాటలోనే అక్క పలకరించేది. ఆమె మొదటి మందు అదే.

ఒక కార్తీకమాసపు వానల్లో ఆరేళ్ళ పాప వచ్చింది. మూడు రోజుల జ్వరం, డెంగీ అని అనుమానం. అమ్మ, అవ్వ, మామ వెంట ఉన్నారు. పాప గడపలోనే తలుపు పట్టుకుని నిలబడిపోయింది. బల్ల మీద పడుకోబెట్టమంటారా అని మామ అడిగితే అక్క వద్దంది.

"ఈ పాపకు చెవులు ఎక్కడ కుట్టించినారు?"

"ఈడే, కొండ మీద, సుబ్రమణ్యస్వామి దగ్గరే" అంది అవ్వ.

"అప్పుడు ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టినారు?"

"మేనమామ ఒళ్ళోనే గదమ్మా."

"మరి ఇప్పుడు మాత్రం నలుగురూ కలిసి అదిమి పట్టుకునేది ఎందుకు? అట్లే కూర్చోబెట్టండి."

ఈ మాట నా మనసులో నాటుకుపోయింది. ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో పిల్లల వైద్యులు చెప్పేదీ ఇదే. వెల్లకిలా పడుకోబెట్టి పట్టుకుంటే బిడ్డ బెదిరిపోతుంది. తనవాళ్ళ ఒడిలో నిటారుగా, ఛాతీకి ఆనుకుని కూర్చుంటే నిలకడగా ఉంటుంది. చెవులు కుట్టించే వేడుకలో మనవాళ్ళకు ఎప్పటినుంచో తెలిసిన పద్ధతి లాబ్ గడప దాటగానే ఎందుకు మరిచిపోతారో నాకు అర్థం కాదు.

అక్క నన్ను పాప చేతికిచ్చింది. పాప సాగదీసింది, వాసన చూసింది, మామ వేలికి చుట్టింది. అప్పుడు అక్క చెప్పింది: "నొప్పి ఉంటాది పాపా. రవంత సేపే. పది లెక్కబెట్టేలోగా అయిపోతాది. ఏడుపొస్తే ఏడువు, చెయ్యి మాత్రం కదిలించొద్దు. ఏ చెయ్యి ఇస్తావు?" పాప ఆలోచించి ఎడమ చెయ్యి చాపింది. వాళ్ళమ్మ "ఏం కాదు, ఏం కాదు" అని మొదలుపెట్టబోతే అక్క సైగతో ఆపింది. పెద్దవాళ్ళు అదే పనిగా ఆ మాట అంటుంటే ఏదో అవబోతోందనే పిల్లలకు అర్థమవుతుంది. పిల్లల నొప్పిని పరిశీలించిన మనస్తత్వవేత్తలు కూడా గమనించిన సంగతే. దానికి బదులు అక్క ఆ ఇంట్లో ఆవుకు దూడ పుట్టిందని తెలుసుకుని, దాని పేరేంటని అడిగింది.

గౌను చేతి గుడ్డ మీదుగా నన్ను చుట్టింది, మెత్తగా. డెంగీ పిల్లలకు గట్టిగా బిగిస్తే చర్మం మీద ఎర్రచుక్కలు లేస్తాయి. "ఇప్పుడు గట్టిగా దగ్గు" అంది. పాప దగ్గింది, సూది దిగింది. నెత్తురు కనబడగానే నన్ను వదిలేసింది. ఊదారంగు మూత సీసాలోకి తీసింది రెండు మిల్లీలీటర్లు. అంత నెత్తురు తీస్తే బిడ్డ ఏమైపోవాలని అవ్వ గుండె బాదుకుంటే, పదహారు కిలోల బిడ్డలో లీటరుకు పైగానే నెత్తురుంటుందని నిదానంగా చెప్పింది. పాప ఏడ్చింది. ఏడ్చినా చెయ్యి కదల్లేదు.

డెంగీలో ప్లేట్‌లెట్లు చూడ్డానికి మళ్ళీ మళ్ళీ రావాలి. అందుకే మొదటి రోజు ఎలా గడిచిందన్నదే లెక్క. మర్నాడు ఆ పాప తనే మామ ఒళ్ళో ఎక్కి కూర్చుంది. నా జన్మలో నేను గర్వపడిన పొద్దు అది.

సుశ్రుతుడు నరం కోసి నెత్తురు తీసే చికిత్స రాస్తూ, ఎవరికి చేయకూడదో చెప్పిన జాబితాలో పిల్లల్నీ భయపడేవాళ్ళనీ చేర్చాడు. అది చికిత్స, ఇది పరీక్ష. ఇప్పుడు పిల్లలకు చేయక తప్పదు. కానీ భయాన్ని కూడా రోగి ఒంటి స్థితిగా లెక్కలోకి తీసుకున్న ఆయన చూపు నాకు నచ్చుతుంది.

అక్క సెలవు పెట్టిన రోజులు నాకు గడ్డుకాలం. ఇంకొకరు నన్ను కిటికీలో పడేసి వెళ్ళేవారు. పడమటి ఎండ రబ్బరుకు విషం. ముందు బిరుసెక్కాను, తర్వాత అంచుల్లో పగుళ్ళు వచ్చాయి, ఆ పగుళ్ళలో ఎవరెవరిదో నెత్తురు మరక నిలిచిపోయింది. కొన్నాళ్ళు రసీదు పుస్తకాల కట్టకు చుట్టారు. చేతి వెచ్చదనం తెలిసినదానికి కాగితాల కట్ట ఎంత చలిగా ఉంటుందో చెప్పలేను. తర్వాత ఒక్కసారి వాడి పారేసే పట్టీల చుట్ట వచ్చింది. ఒక్కో బిడ్డకు ఒక్కో కొత్త ముక్క. నాకు దుఃఖమే అయినా అదే న్యాయం. ఒకరి చేతి మీది క్రిమిని ఇంకొకరికి మోసిన పాపం నాలాంటి పాత పట్టీలకు ఉంది.

2016 నాటి వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు తెల్ల డబ్బాలోకి, నెత్తురంటిన దూది పసుపు సంచిలోకి, మాలాంటి రబ్బరూ ప్లాస్టిక్కూ ఎర్ర సంచిలోకి వెళ్ళాలి. అక్క తన చేత్తోనే నన్ను ఎర్ర సంచిలో వేసింది. బండి వస్తే తీసుకుపోయి, శుద్ధి చేసి ముక్కలు చేస్తారు. అందుకు నాకు బెంగ లేదు.

తిరువళ్ళూరు పిల్లవాడి మీదే బెంగ. ఇప్పుడు వాడికి మీసాలు వస్తుంటాయి. జ్వరం వస్తే ఇంట్లో చెప్పకుండా దాచుకుంటున్నాడేమో, రక్త పరీక్ష అనగానే చెమటలు పడుతున్నాయేమో. అరక్కోణం మీదుగా వచ్చే లోకల్ బండెక్కి వాడు ఒక్కసారి తిరుత్తణికి వస్తే బాగుండును. మీసాలొచ్చిన పిల్లవాణ్ణయినా ఏ చెయ్యి ఇస్తావని అక్క అడుగుతుంది.