తాత్కాలిక క్యాపు పద్యం: టీకా తాత్పర్యం

ఆ. పంటిమీద ముద్ద పట్టించి యూరకే
కూరుచుండరాదు కుర్చిచెంత
రబ్బరైన వేళ లాగి పెట్టుచు నీట
ముంచ బతుకు గుజ్జు ముప్పు దప్పి

ప్రతిపదార్థం: పంటిమీద = క్యాపు కోసం అరగదీసిన పంటిమీద; ముద్ద = పొడి, ద్రవం కలిపిన ఆక్రిలిక్ ముద్దను; పట్టించి = అచ్చులో నింపి అదిమి; కుర్చిచెంత = పేషెంటు వెల్లకిలా పడుకున్న కుర్చీ పక్కన; ఊరకే కూరుచుండరాదు = ఫోను చూసుకుంటూ కూర్చోకూడదు; రబ్బరైన వేళ = ముద్దతనం పోయి ఇంకా బిగుసుకోని దశలో; లాగి పెట్టుచు = ఊడదీసి మళ్లీ తొడుగుతూ; నీటన్ ముంచన్ = చల్లనీటిలో ముంచగా; గుజ్జు = జనం పంటి నరమనేది; ముప్పు దప్పి = వేడి గండం గడిచి; బతుకున్ = బతుకుతుంది.

తాత్పర్యం: గట్టిపడేదాకా నోట్లోనే వదిలేయకు.

టీక: పద్యానికి ప్రాణం మూడో పాదంలో ఉంది. ఆక్రిలిక్ గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది. కలిపినప్పుడు అమాయకంగా చల్లగా ఉండి, బిగుసుకునేటప్పుడు అసలు స్వరూపం చూపిస్తుంది. తొందరపడి లాగితే క్యాపు సాగి ఆకారం చెడుతుంది. ఆలస్యమైతే పన్ను వేడెక్కుతుంది, పైగా పక్కపళ్ల సందుల్లో ఇరుక్కుని క్యాపు రానంటుంది. ఎనామిల్ అరిగిపోయాక గుజ్జుకు అడ్డుగా మిగిలేది పలచటి డెంటిన్ పొర ఒక్కటే.

"కాలితే పేషెంటే అరుస్తాడు కదా" అని పూర్వపక్షం. అరవడు. మత్తు సూది పొడిచింది తమరే. ఆ మందులో అడ్రినలిన్ కూడా ఉంటే గుజ్జుకు రక్తప్రవాహం తగ్గి, వేడిని మోసుకుపోయే దారి కూడా సన్నబడుతుంది. కాబట్టి ముద్ద బిగుసుకునే ఆ కాసేపూ పంటి తరఫున కబురు చెప్పేవాళ్లు లేరు; డాక్టరు వేళ్లే గమనించుకోవాలి.

ప్రమాణం: 1965లో జాక్, కోహెన్ అనే పరిశోధకులు కోతుల పళ్లకు వేడి తగిలించి చూశారు. గుజ్జులో వేడి 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే సుమారు 15 శాతం పళ్లు కోలుకోలేదు. 11 డిగ్రీలు పెరిగితే 60 శాతం. కోతుల అభిప్రాయం నమోదు కాలేదు.

మతాంతరం: ముద్ద అంటే బిస్-ఆక్రిల్ అనే వేరే పదార్థమని నవీనులు. దానికి వేడి తక్కువన్న మాట నిజమే. అయితే బ్రిడ్జిలో పన్ను లేని చోట లావుగా పడ్డ ముద్ద ఏదైనా ఎక్కువే కాలుతుంది. ఆల్జినేట్ అచ్చు కొంత వేడిని తాను పుచ్చుకుంటుంది, ప్లాస్టిక్ షీటు అచ్చుకు అంత దయ లేదు. పంటి నమూనా మీద బయటే చేసి తెస్తే ఈ పద్యంతో పనే లేదు గానీ, అంత ఓపిక ఎందరికి?

అధికారి: గుజ్జున్న పన్నే. రూట్ కెనాల్ అయిన పంటికి ఈ పద్యం వర్తించదని కొందరు నీళ్ల గిన్నె పక్కకు నెడతారు. చిగురుకు రూట్ కెనాల్ కాలేదని వ్యాఖ్యాత మనవి.