అన్న తెప్పించే రీఫండు

అమెరికాలో జనవరి నెలాఖరు వచ్చిందంటే మన ఎమ్మెస్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక దానకర్ణుడు వెలుస్తాడు. ఊరూ పేరూ ఎవరికీ తెలియదు, అందరికీ ‘అన్న’. ‘‘తమ్ముడూ, కాలేజీ పోర్టల్‌లో 1098-టి వచ్చిందా? స్క్రీన్‌షాట్ పెట్టు, మిగతాది నేను చూసుకుంటా. వచ్చిన రీఫండులో ఇరవై శాతం నాకు చాలు.’’ ఆ ‘చాలు’ అనడంలోనే ఉంది త్యాగమంతా!

1098-టి అంటే కాలేజీకి ఎంత ఫీజు కట్టామో చెప్పే కాగితం, అంతే. ఒకటో గడిలో కట్టిన ఫీజు, అయిదో గడిలో వచ్చిన స్కాలర్‌షిప్పు. రెండు, మూడు గడులు ఖాళీ. ప్రభుత్వం ఖాళీగా వదిలేసిన ఆ గడుల్లో కూడా అన్నకు డాలర్లు కనిపిస్తాయి. పీజీ విద్యార్థి అని టిక్కు పెట్టిన తొమ్మిదో గడి మాత్రం ఎంత వెతికినా కనిపించదు.

కనిపిస్తే కొంప మునుగుతుంది మరి. అన్న గురిపెట్టిన అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అనే పన్ను రాయితీ 2009లో వచ్చింది. ఏడాదికి గరిష్ఠంగా 2,500 డాలర్లు. కట్టాల్సిన పన్ను లేకపోయినా అందులో 1,000 దాకా చేతికొస్తుంది. కానీ అది కాలేజీ చదువులో మొదటి నాలుగేళ్లకే. మనవాడు ఆ నాలుగేళ్లూ బీటెక్ పేరుతో ఘట్‌కేసర్‌లోనో గుంటూరులోనో ఖర్చు పెట్టేసే విమానమెక్కాడు. పోనీ పీజీకి పనికొచ్చే లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ ఉంది కదా అంటే, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాడు సాధారణంగా మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంటు. దాఖలు చేయాల్సింది 1040-ఎన్ఆర్ అనే రిటర్ను. దాని మీద ఈ రెండు క్రెడిట్లూ రావు.

అన్న దగ్గర దానికీ మందుంది. 1040-ఎన్ఆర్ పక్కన పడేసి మామూలు 1040 నింపుతాడు. ఒక్క క్లిక్కుతో తమ్ముడు అమెరికా రెసిడెంటు! హెచ్-1బి లాటరీ, గ్రీన్‌కార్డు క్యూ... అన్నీ దండగ. ఇంత సులువని తెలిస్తే మన కన్సల్టెన్సీలు ఎప్పుడో బోర్డులు తిప్పేసేవి.

అసలు తమాషా మరొకటుంది. 1989లో కుదిరిన భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం మన విద్యార్థికి స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చింది. చాలా దేశాల పిల్లలకు లేని వెసులుబాటు అది. 2024 సంవత్సరానికి 14,600 డాలర్లు. క్యాంపస్ లైబ్రరీలో పుస్తకాలు సర్ది 12,000 సంపాదించినవాడికి ఫెడరల్ ఆదాయపు పన్ను సున్నా. జీతంలో ఆ పద్దు కింద కోసినదంతా న్యాయంగానే వెనక్కొస్తుంది. అంటే అన్న తీసుకునే ఇరవై శాతంలో కొంత దొంగ క్రెడిట్ మీద కమీషను, కొంత తమ్ముడి సొంత జీతం మీద కప్పం.

డబ్బు ఖాతాలో పడగానే గ్రూపులో దండాలు, హార్టు బొమ్మలు. ఒకటి రెండేళ్లకు అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ నుంచి నోటీసు వస్తే అసలు, వడ్డీ, పైన సాధారణంగా ఇరవై శాతం జరిమానా. చూశారా, ఇక్కడా ఇరవై శాతమే! నిర్లక్ష్యంగా క్లెయిమ్ చేశారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఆ క్రెడిట్ జోలికి వెళ్లకుండా నిషేధం. అన్నకేం? రిటర్ను మీద ఆయన సంతకమే ఉండదు. ‘అబద్ధమైతే శిక్షకు సిద్ధం’ అన్న మాట కింద సంతకం చేసింది తమ్ముడు. రీఫండులో వాటా అడిగేవాళ్లను, సంతకం పెట్టకుండా జారుకునేవాళ్లను నమ్మొద్దని ఐఆర్ఎస్ ఏటా మొత్తుకుంటూనే ఉంది. ఆ హెచ్చరికను గ్రూపులో ఎవరూ ఫార్వర్డ్ చేయరు. అందులో రీఫండు లేదుగా!

చాలా యూనివర్సిటీల ఇంటర్నేషనల్ ఆఫీసులు 1040-ఎన్ఆర్ నింపే సాఫ్ట్‌వేర్‌కి ఉచితంగానో చవకగానో కోడ్ ఇస్తాయి. అడగడానికి మొహమాటమైతే అన్ననే ఒక్క మాట అడగండి: ‘‘అన్నా, డబ్బు తీసుకుని రిటర్నులు నింపేవాళ్లకు ఐఆర్ఎస్ ఇచ్చే పీటిన్ నంబరు ఉంటుందట, రిటర్ను మీద నీది వేసి, నా సంతకం పక్కన నీ సంతకం కూడా పెడతావా?’’ అన్న వెంటనే గ్రూపులోంచి ఎగ్జిట్ అవుతాడు. మీ జీతం మీకు మిగులుతుంది.