చౌడు

మా అమ్మ మొదటి రోజే చెప్పింది. నేనే వినలేదు.

గ్లేజులో ముంచి ఆరబెట్టిన కప్పుల దగ్గర వంగి చూసి, "ఇదేమిటే, మన పాత ఇంటి గోడకి లాగా చౌడు పొంగింది?" అంది. నిజమే, పూత అంచుకి కింద, ఉత్త మట్టి మీద తెల్లటి నూగు. "ఇది స్టోన్‌వేరమ్మా, గోడ కాదు" అని తడి స్పాంజితో శుభ్రంగా తుడిచేశాను.

1230 డిగ్రీల్లో కాలి వచ్చాయి. మీగడ రంగులో ఉండాల్సిన అడుగున, గ్లేజు అంచు పొడవునా వేలెడు వెడల్పు గోధుమరంగు పట్టీ. స్పాంజి వెళ్లిన దారంతా చారలు.

మట్టి కల్తీదని అమ్మినాయన్ని ఫోనులో దులిపేశాను, పాపం. కొత్త మట్టి తెప్పించాను. కిల్న్‌లో అరలు మార్చాను. గరుకు కాగితంతో రుద్దినా రంగు పోలేదు. చివరికి 'సహజమైన అగ్నిముద్ర' అని చీటీ రాసి అమ్మకానికి పెట్టాను. ఆ చీటీ తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

రాత్రంతా కదపకుండా ఉంచిన గ్లేజు బకెట్‌లో పైకి తేటనీరు తేరుతుంది. పూత చిక్కబడాలని ఆ నీటిని ఎన్నిసార్లు పారబోశానో! ఒకరోజు ఎందుకో కుంచె ముంచి, పూత లేని పెంకు మీద 'అ' అని రాశాను. ఆరాక ఏమీ కనబడలేదు. కాల్చాక చక్కటి గోధుమరంగు 'అ' తేలింది.

ఆ గ్లేజులో సోడా యాష్ ఉంది, అంటే మన చాకలి సోడాయే, తడి లేనిది. నీళ్లలో ఇట్టే కరుగుతుంది. 1000 డిగ్రీల్లో ఒకసారి కాలిన మట్టి ఆ నీటిని పీల్చుకుంటుంది. పూత లేని చోట నీరు ఆవిరైపోతుంది, సోడా మిగిలిపోతుంది. మంటలో అది మట్టి పైపొరని కాస్త కరిగించి, అందులోని ఇనుము రంగుని బయటపెడుతుంది. మంట సంగతి వదిలేస్తే, గోడకి చౌడు పట్టేదీ ఇలాగే. నా స్పాంజి ఆ సోడాని మళ్లీ కరిగించి ఇంకొంచెం దూరం మోసింది, అంతే.

ఇప్పుడు సోడా యాష్ మానేసి ఫ్రిట్ వాడుతున్నాను. అందులో సోడా ముందే గాజులో బందీ. పట్టీ పోయింది.

అమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు. ఆ పెంకుని కాఫీ గ్లాసు కింద పెట్టుకుంటోంది. "'అ' అంటే అమ్మేగా?" అని అడిగింది. అవునన్నాను.