నరాల పరీక్షకు ఆలస్యంగా వెళ్లండి

చేతివేళ్లు నాలుగు రోజులు తిమ్మిరెక్కితే చాలు, చల్లపల్లి సెంటర్లో బెజవాడ బస్సెక్కి "నరాల పరీక్ష" చేయించుకురావడం మా వైపు ఇప్పుడు అలవాటైపోయింది. కరెంటు పెట్టి చూస్తారట, అందులో అన్నీ తెలిసిపోతాయట. ఇంట్లో పెద్దలూ పక్కింటివాళ్లూ ఇచ్చే సలహా ఇదే: తొందరగా వెళ్లు, పెద్ద మిషన్ ఉన్నచోటికి వెళ్లు, ఈలోపు నాలుగు బలం గోళీలు వేసుకో. నా సలహాలు దీనికి అడ్డం తిరిగినవి. వినగానే తప్పనిపిస్తాయి. అయినా పాటించమనే చెబుతున్నాను.

మొదటిది, ఆలస్యంగా వెళ్లండి. దెబ్బ తగిలో, నరం నొక్కుకుపోయో, తుంటికి సూది వేయించుకున్నాకో కాలో చెయ్యో పట్టు తప్పిందనుకోండి. మర్నాడే పరీక్ష చేయిస్తే కాగితం మీద అంతా బాగానే ఉన్నట్టు రావచ్చు. కాలవను ఎగువన కట్టేసినా శివారు చేలో నీళ్లు కొన్నాళ్లు నిలిచే ఉంటాయి. తెగిన నరమూ అంతే. దెబ్బకు దిగువనున్న ముక్క కొన్ని రోజులు కరెంటును మోస్తూనే ఉంటుంది. కదలిక నరాల స్పందన పడిపోవడానికి సుమారు వారం, స్పర్శ నరాలకు పది రోజుల పైన పడుతుంది. కండలో సూది పెట్టి వినే, ఈ పరీక్ష రెండో భాగంలో తేడా కనబడాలంటే రెండు మూడు వారాలు ఆగాలి. ఆరోగ్యంగా ఉన్న కండ కదలకుండా ఉన్నప్పుడు మిషన్‌లో ఏ చప్పుడూ రాదు. నరంతో సంబంధం తెగిన కండ దానంతటది చిటపటలాడుతుంది. ఆ చిటపట మొదలవడానికే అంత వ్యవధి. తొందరపడి తెచ్చుకున్న "నార్మల్" కాగితాన్ని నమ్మి ఊరుకున్నవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఆలస్యం చేయమన్నది పరీక్షను మాత్రమే, డాక్టరు దగ్గరికి వెళ్లడాన్ని కాదు. రెండు కాళ్లలోనూ బలం గంటగంటకూ, రోజురోజుకూ పైకి తగ్గుతూ వస్తున్నా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమవుతున్నా, మలమూత్రాల మీద పట్టు పోయినా, కాళ్ల మధ్య స్పర్శ పోయినా, ముఖం ఒక పక్కకు లాగి మాట తడబడినా ఏ పరీక్ష కోసమూ ఆగకండి. ఆ క్షణమే పెద్దాసుపత్రికి పరుగెత్తండి. 2025 మొదట్లో పుణెలో, ఇలా కాళ్ల నుంచి పైకి బలం తగ్గించే గిలన్ బారే జబ్బు ఒక్కసారిగా ఎందరికో వచ్చింది. ఆ రోజుల్లోనే గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనూ ఆ జబ్బువారు చేరారు. అందులో కూడా మొదటి వారం నరాల పరీక్ష మామూలుగా కనబడవచ్చు. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వేసే అంచనాయే అప్పుడు ప్రాణం కాపాడుతుంది.

రెండోది, పెద్ద మిషన్ కంటే ముందు గుండుసూది, దూదిపింజ, చిన్న సుత్తి వెతుక్కోండి. అవి ఉన్న డాక్టరు చల్లపల్లిలోనే దొరకవచ్చు. "ఎక్కడ మొదలైందమ్మా?" అని అడిగితే "చెయ్యంతా మొద్దుబారిందండీ" అని చెప్పి ఊరుకోకండి. ఏ వేళ్లు? బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కి, లేచి చెయ్యి విదిలిస్తే తగ్గుతున్నాయా? అయితే మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతూ ఉండవచ్చు. గేదెల పాలు పితికేవారిలో, కుట్టుమిషన్ దగ్గర కూర్చునేవారిలో, గర్భిణుల్లో, థైరాయిడ్ తగ్గినవారిలో ఇది మామూలు. చిటికెనవేలూ దాని పక్క వేలూ అయితే మోచేయి దగ్గర వెతకాలి. ఒంటి మీద రంగు తగ్గిన మచ్చ ఉండి, అక్కడ దూదితో రాస్తే తెలియకపోతే, మోచేతి వెనక నరం తాడులా లావెక్కి చేతికి తగులుతుంటే అది కుష్టు కావచ్చు. దానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం. దానికోసం బెజవాడ బస్సు చార్జీ కూడా దండగే. సిగ్గుపడి దాచుకున్నవాళ్లకే వేళ్లు వంకర్లు పోతాయి. ఈ ఒక్క మాట ఇంటింటికీ చెప్పాలని నాకుంది.

కాలి విషయం మరీ ముఖ్యం, మన చేలలో ఇది ఎక్కువ కాబట్టి. మినుము కోతల్లో, కలుపు తీతలో గంటల తరబడి గొంతుక్కూర్చుని జరిగే ఆడవాళ్లకు సాయంత్రానికి పాదం పైకి లేవదు, నడుస్తుంటే చెప్పు జారిపోతుంది. వెంటనే ఎవరో ఒకరు "నడుంలో డిస్క్ జారింది, స్కాన్ తీయించు" అంటారు. నేను చెప్పేది ముందు మోకాలి బయటి పక్క చూపించమని. అక్కడ ఎముక మీదుగా ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. గొంతుక్కూర్చున్నప్పుడు అదే నలుగుతుంది. నడుం స్కాన్‌లో ఏ నొప్పీ లేని మనుషుల్లోనూ డిస్క్ ఉబ్బులు కనబడతాయి. ఆ బొమ్మ చూసి నడుముకు మందులు వాడుతూ ఉంటే మోకాలి దగ్గర నలిగిన నరం అలాగే ఉండిపోతుంది. పాదాన్ని లోపలి పక్కకు బలంగా తిప్పగలుగుతున్నారా లేదా అన్నది డాక్టరు ఒక్క నిమిషంలో చూస్తారు. అది బాగా తిరిగితే మోకాలి మీద అనుమానం బలపడుతుంది. ఇక్కడే నరాల పరీక్ష నిజంగా అక్కరకొస్తుంది. మోకాలికి దిగువన కరెంటు బాగా పారి, మోకాలు దాటేచోట ఆగుతోందంటే తగువు తీరినట్టే. చాలామందికి గొంతుక్కూర్చోవడం మానేస్తే వారాల్లో, నెలల్లో పాదం లేస్తుంది. పీట వేసుకుని కలుపు తీయనివ్వమని ఆసామిని అడగడానికి ఎవరూ మొహమాటపడకూడదు.

మూడోది, బలం గోళీలు వేసుకుని వెళ్లకండి. ఎందుకో ఫోలిక్ ఆమ్లం కథే చెబుతుంది. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో పనిచేస్తూ తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి కండలో శక్తి దాచే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో లోకానికి చూపించారు. ఆయన నడిపిన లెడర్లీ మందుల కంపెనీ బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ మందు ఎందరో గర్భిణులను రక్తహీనత నుంచి కాపాడింది. కానీ బి12 లోపం ఉన్నవారికి ఒక్క ఫోలిక్ ఆమ్లమే ఇస్తే రక్తం కోలుకున్నట్టు కనబడుతుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయని వైద్యులు కొద్ది ఏళ్లలోనే గుర్తించారు. అందుకే ముందు పరీక్షకు రక్తం ఇవ్వండి, బలం సూది తర్వాత. బి12 సూదులు పడ్డాక రక్తపరీక్షలో లోపం దాక్కుంటుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవారు, మాంసం, పాలు ముట్టనివారు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇక బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే కాళ్లు మొద్దుబారేట్టు చేస్తుంది. తిమ్మిరికని కొన్న గోళీయే తిమ్మిరి తెస్తుంది.

షుగరు ఉండి రెండు పాదాలూ సమానంగా మండుతూ, అరికాళ్లు దూది మీద నడిచినట్టున్నవారిలో చాలామందికి నరాల పరీక్ష అక్కర్లేదు. పది గ్రాముల నైలాన్ పోగు, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు చాలు. మంట ఒక పక్కే ఉన్నా, బలం తగ్గుతున్నా, వేగంగా పెరుగుతున్నా అప్పుడు చేయించాలి. మండే నొప్పిని మోసే సన్నటి నరాలను ఈ మిషన్ పట్టుకోలేదు కూడా. కాబట్టి "నార్మల్" వచ్చిన ఇంటి కోడలితో "నీకేం లేదు, అంతా మనసులోనే" అనకండి. అది అన్యాయం.

వెళ్లక తప్పనివారు వెచ్చటి చేతులతో వెళ్లండి, ఈ పరీక్షలో నరం వేగాన్ని కొలుస్తారు కాబట్టి. 1850లో శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో వేగం కొలిచినప్పుడు సెకనుకు 30 మీటర్లకు అటూఇటూ వచ్చింది. మనిషి ముంజేతిలో అది 50 దాటాలి, కాలిలో 40 దాటాలి. చర్మం ఒక్క డిగ్రీ చల్లబడితే వేగం సుమారు రెండు మీటర్లు పడిపోతుంది. ఏసీ గదిలో గంట కూర్చున్న చల్లటి చెయ్యి జబ్బు చెయ్యిలా కనబడుతుంది. చర్మం 32 డిగ్రీల కంటే తగ్గిందేమో చూడమని, తగ్గితే వెచ్చబెట్టమని అడగండి. కొబ్బరినూనె, బామ్ రాసుకోవద్దు. గాజులు, ఉంగరాలు, మెట్టెలు ఇంట్లోనే తీసి వెళ్లండి. అన్నం తినే వెళ్లవచ్చు. పేస్‌మేకరు ఉంటే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. కరెంటు చురుక్కుమంటుంది, సూది కొంచెం నొప్పి. ఆ సూదిలో మందేమీ ఉండదు, అది లోపలి శబ్దం వినడానికే.

ఊడ్చే చీపురు నలుగురూ కలిసి పట్టుకుంటే ఊరు బాగుపడుతుందని 2014 నవంబరు నుంచి స్వచ్ఛ చల్లపల్లి చూపించింది. దాన్ని మొదలుపెట్టి ముందు నడిపించింది ఈ ఊరి డాక్టర్లే. అలాంటి ఊళ్లో, చేలో గొంతుక్కూర్చున్నవాళ్ల పాదాలను, మచ్చ దాచుకున్నవాళ్ల చేతులను ఒకరికొకరు చూసి చెప్పుకోవడం కష్టమేమీ కాదు.

రేపు బెజవాడ బస్సెక్కబోయేవారికి ఒకటే విన్నపం. "నరాల పరీక్ష" అని రెండు ముక్కలు రాసిన చీటీతో వెళ్లకండి. ఏ నరం, ఎక్కడ, ఏ అనుమానంతో పంపుతున్నారో మీ డాక్టరు చేత రాయించుకుని, అప్పుడు వెళ్లండి.